ఆరుగురి కార్యాలయానికి సొంత ఫైల్ సర్వర్: మా డీటీపీ కేంద్రంలో తేలిన సంగతులు

ఆరుగురు పనిచేసే కార్యాలయంలో ఫైళ్లను అద్దె క్లౌడ్‌లో కాకుండా సొంత యంత్రంలోనే ఉంచుకోవాలంటే నెక్స్ట్‌క్లౌడ్ (సొంత సర్వర్‌లో నడిపే గూగుల్ డ్రైవ్ లాంటిది) మేలా, సింక్‌థింగ్ (కంప్యూటర్ల మధ్య ఫైళ్లను ఒకేలా ఉంచే సాధనం) మేలా అని అడిగారు. విజయవాడలో పుస్తకాలకు పేజీలు కట్టే మా చిన్న డీటీపీ కేంద్రంలో ఈ రెండింటినీ, వాటితోపాటు ఒకే ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో అందరికీ పంచే సాంబానూ వాడిన అనుభవంతో చెబుతున్నాను. ముందుగా తేల్చుకోవలసింది సాఫ్ట్‌వేర్ పేరు కాదు, మీ దగ్గర ఒకే ఫైలు మీద ఇద్దరు పనిచేసే అవసరం ఉందా లేదా అన్నది.

మాకు ఆ అవసరం ఉంది. అది ఆలోచించకుండానే సింక్‌థింగ్‌తో మొదలుపెట్టాం. మధ్యలో సర్వర్ అక్కర్లేకుండా ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక ప్రతి ఉంచుతుంది కనుక నెట్ లేకపోయినా పని ఆగదు. కానీ ఒకరు తెరిచిన ఫైలును మరొకరు తెరవకుండా అది ఆపదు. ఒక నవల ప్రూఫు దిద్దుబాట్లను మా సహోద్యోగి ఇంటి దగ్గర, నెట్ లేని సమయంలో ల్యాప్‌టాప్‌లో ఎక్కించారు. అదే రోజు సాయంత్రం కార్యాలయంలో మరొకరు అదే ఫైలులో పేజీ సంఖ్యలు సరిచేశారు. మర్నాడు రెండు యంత్రాలూ కలిసినప్పుడు, సింక్‌థింగ్ తన నియమం ప్రకారం ముందు భద్రపరిచిన ప్రతికి ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అన్న మాట చేర్చి పక్కన పెట్టింది. దాన్ని మేమెవరం గమనించలేదు. దిద్దుబాట్లు లేని ప్రతి ముద్రణకు వెళ్లి, ఒక ఫారం (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీలు) మొత్తం మళ్లీ అచ్చు వేయించవలసి వచ్చింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, మా ఎంపికది. ఎవరి ఫైళ్లు వారే దిద్దుకునే కార్యాలయానికి అది ఇప్పటికీ మంచి సాధనమే.

ఆ తరువాత ఒక పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ ఎక్కించి, యూపీఎస్ పెట్టి, సాంబా ద్వారా అందరికీ ఒకే ఫోల్డర్ ఇచ్చాం. విండోస్‌లో అది మరో డ్రైవ్‌లా కనిపిస్తుంది, పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో ఒకరు తెరిచిన ఫైలును రెండో వారు తెరవబోతే వాడుకలో ఉందని చెబుతుంది. అయితే సాంబా వాడే 445 పోర్టును (నెట్‌వర్క్‌లో రాకపోకల ద్వారం) ఇంటర్నెట్ వైపు ఎప్పుడూ తెరవకండి. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ వ్యాపించింది ఆ దారినే. బయటి నుంచి పనిచేసేవారి కోసం వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి కార్యాలయ నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టుకోండి. దానికి ముందు మీ రౌటర్‌లో వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ వైపు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ చిరునామా లేనట్టే, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను సర్వర్‌కు మళ్లించడం) ఎంత సరిగా చేసినా పనిచేయదు. అప్పుడు స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ చిరునామా) కొనుక్కోవాలి, లేదా రౌటర్‌లో పోర్టు తెరవకుండానే యంత్రాలను కలిపే టెయిల్‌స్కేల్ వంటిది వాడుకోవాలి.

నెక్స్ట్‌క్లౌడ్‌ను మేము రచయితలకు ప్రూఫులు పంపడానికి మాత్రమే ఉంచుకున్నాం. పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టి లింకు ఇస్తే, వారు ఖాతా తెరవకుండానే పీడీఎఫ్ చూసుకోగలరు. దాని నిర్వహణకు మాత్రం ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, ఎందుకంటే పెద్ద వెర్షన్లను ఒక్కొక్కటిగానే దాటాలి. ఏడాదిన్నర వదిలేసి ఒకేసారి పైకి దూకడం కుదరదు.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్ తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, వత్తులోని ప్రతి భాగానికీ 3 బైట్లు పడతాయి కనుక ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు. విండోస్‌లో చక్కగా నిలిచిన పొడవాటి పేరును సర్వర్ తిరస్కరించడానికి మా దగ్గర కారణం ఇదే.

ఇక బ్యాకప్. రెండు డిస్కులను ఒకదానికొకటి నకలుగా జంటగా పెట్టుకోవడం బ్యాకప్ కాదు, పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. మేము ప్రతి రాత్రీ రెస్టిక్ అనే బ్యాకప్ సాధనంతో బయటి డిస్కులోకి నకలు తీస్తాం, మరో డిస్కు ఎప్పుడూ ఒకరి ఇంట్లో ఉంటుంది. అయినా మొదటిసారి ఒక పుస్తకాన్ని తిరిగి తెచ్చుకున్నప్పుడు ఫైలు క్షేమంగా వచ్చింది కానీ పేజీల నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలే కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు చూపే, యూనికోడ్‌కు ముందటి అను ఫాంట్లతో కట్టిన పేజీలవి, ఆ ఫాంట్లేమో పాత కంప్యూటర్‌లో తప్ప బ్యాకప్‌లో లేవు. అప్పటి నుంచి ఫాంట్ల ఫోల్డర్‌నూ బ్యాకప్‌లో చేర్చాం. నెలకొకసారి ఒక పాత పుస్తకాన్ని బయటి డిస్కు నుంచి తెచ్చి, మా ఫైళ్లేవీ లేని కంప్యూటర్‌లో తెరిచి, నాలుగు పేజీలు చదవగలిగాకే ఆ నెల బ్యాకప్ సరిగా ఉందని రిజిస్టర్‌లో రాసుకుంటున్నాం.