సబ్జెక్ట్ లైన్లో పేరు

విశాఖపట్నం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి ఒకటే గోల. "నీ మేనకోడలు చదువు గాలికొదిలేసి గ్రహాంతరవాసుల మీద గ్రూప్ పెడుతోంది, దీన్ని చెడగొట్టింది నువ్వే" అన్నాడు. సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి ఆన్‌లైన్‌లో ఒక చోటు పెట్టబోతున్నావనీ, హాస్టల్లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి రూల్స్ కూడా రాసుకుంటున్నావనీ అప్పుడే తెలిసింది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. అందుకే పొద్దున్నే కాఫీ తాగి రాయడానికి కూర్చున్నాను.

ముందు మీ నాన్న సంగతి. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష సీరియల్ వచ్చేది. మా ఇంట్లో టీవీ లేదు. ఎదురింటి మామ్మగారి గుమ్మం ముందు చెప్పులు విడిచి, చాప మీద పదిహేను మంది పిల్లలం ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఆ ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, మీ నాన్నకు అదీ లేదు. అయినా సాయంత్రం వీధి పిల్లలందరినీ అరుగు మీద పోగేసి కథంతా చెప్పేవాడు. అందులో కోసు చెవుల స్పాక్ అనే పాత్ర ఏమన్నాడో వాడే కల్పించేవాడు. స్పాక్ చెవులు అలా ఎందుకున్నాయని ఎవరో అడిగితే, చిన్నప్పుడు లెక్కల మేష్టారు మెలిపెట్టారని చెప్పాడు! మేం చూసిన మొదటి గ్రూప్ ఆ అరుగే. కాబట్టి వాడు తిడితే విను, బెదిరిపోకు. సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే మాత్రం నేను వాడి పక్షం.

అసలు ఆ సీరియల్ మన వీధి దాకా వచ్చిందంటే అదీ నీలాంటి వాళ్ల వల్లే. 1966లో మొదలైన స్టార్ ట్రెక్‌ను రెండో సీజన్‌తో ఆపేస్తారన్న మాట వినపడగానే, అమెరికాలో బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే దంపతులు ఊరూరా అభిమానుల చేత దాన్ని వేసే ఎన్‌బీసీ ఛానల్‌కు ఉత్తరాలు రాయించారు. మూడో సీజన్ వచ్చింది. 1969లో ఆగిపోయేసరికి 79 ఎపిసోడ్లయ్యాయి. ఆ మూడో సీజనే లేకపోతే మళ్లీ మళ్లీ వేసుకోవడానికి చాలినన్ని ఎపిసోడ్లు ఉండేవి కావు, మామ్మగారి టీవీలోకి స్పాక్ వచ్చేవాడో కాదో. 2018లో ది ఎక్స్‌పాన్స్ అనే సీరియల్‌ను సైఫై ఛానల్ వదిలేసినప్పుడు, అభిమానులు చందాలేసుకుని అమెజాన్ స్టూడియోస్ మీదుగా బ్యానర్ కట్టిన విమానం తిప్పించారు. ఆ నెలలోనే అమెజాన్ దాన్ని తీసుకుంది. నువ్వు మొదలుపెట్టేది పనికిమాలిన పని కాదని చెప్పడానికే ఇదంతా.

ఇక పని సంగతి. రూల్స్ ఐదు దాటితే ఎవరూ చదవరు. పోస్టులు చూసుకునే మోడరేటర్లు ముగ్గురూ ఒకే హాస్టల్లో ఉంటే పరీక్షలప్పుడు గ్రూప్ అనాథ అవుతుంది, కాబట్టి బయటివాళ్లు ఇద్దరిని కలుపుకో. పాస్‌వర్డ్ నీ ఒక్కదాని దగ్గరే పెట్టుకోకు. వచ్చిన ప్రతి కొత్త మనిషికీ మొదటి రోజే ఎవరో ఒకరు జవాబివ్వాలి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1994లో పీహెచ్‌డీ కోసం ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లాను కదా. మొదటి చలికాలం నరకం. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. ఇంటికి ఫోన్ చేస్తే నిమిషానికింతని నా స్టైపెండ్ కరిగిపోయేది. డిపార్ట్‌మెంట్ ల్యాబులో రాత్రి పూట ఒక్కదాన్నే కూర్చుని యూజ్‌నెట్ చదివేదాన్ని, ఒక్కో విషయానికి ఒక్కో గ్రూప్‌గా జనం రాసుకునే పాతకాలపు ఆన్‌లైన్ చోటు అది. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు, బొమ్మలు ఉండవు. అందులో బాబిలన్ 5 అనే సీరియల్‌కు ఒక గ్రూప్ ఉండేది. అయిదేళ్ల కథను ముందే అనుకుని తీస్తున్న సీరియల్ అది. దాని రచయిత జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ స్వయంగా వచ్చి అందరితో మాట్లాడేవాడు. టీవీలో కథ రాసే మనిషి మన ప్రశ్నకు జవాబివ్వడమంటే ఆ రోజుల్లో ఎంత వింతో నీకు ఊహకు అందదు.

అక్కడే నాకు ఒక స్నేహితురాలు దొరికింది. అమెరికాలో ఒక చిన్న ఊరి లైబ్రరీలో పని చేసేది. నేను మొదటి ఎపిసోడ్లు చూడలేదంటే, ఒక్కొక్కదాని కథా కూర్చుని టైప్ చేసి పంపింది. చివర ఏమవుతుందో మాత్రం రాసేది కాదు, "ఎప్పుడైనా దొరికితే నువ్వే చూడాలి" అనేది. మీ తాతగారికి ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజుల పాటు రోజూ మెయిల్ పెట్టి ఎలా ఉన్నారని అడిగింది. నేను ఆవిడ మొహం ఎప్పుడూ చూడలేదు.

1995 వేసవిలో ఒక విచిత్రం జరిగింది. రెండో సీజన్ చివరి నాలుగు ఎపిసోడ్లను అమెరికాలో ఆపిపెట్టారు, అక్టోబరు దాకా వేయలేదు. ఇంగ్లండ్‌లో మాత్రం ఛానల్ 4 ముందే వేసేసింది. ఎప్పుడూ వెనకబడి ఉండే మేం ఒక్కసారిగా ముందుకొచ్చేశాం. గ్రూప్‌లో కట్టుబాటు ఒకటుండేది: కథ చెప్పేటట్టయితే సబ్జెక్ట్ లైన్లో "స్పాయిలర్" అని రాయాలి, తెర నిండేంత ఖాళీ వదిలి ఆ తర్వాత రాయాలి. కొందరు ప్రతి అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి రాసేవాళ్లు. చదవదలచుకున్నవాళ్లే విప్పుకోవాలి. రాట్13 అనేవాళ్లు దాన్ని.

ఆ నాలుగింటిలో ఒక ఎపిసోడ్‌లో మనవాళ్లనుకున్న ఒకరి అసలు రంగు బయటపడుతుంది. చూసి నాకు చేతులు వణికాయి. వానలో ల్యాబుకు పరిగెత్తాను. గ్రూప్‌లో ఎవరికన్నా ముందు నేనే చెప్పాలన్న ఆత్రం తప్ప ఇంకేం లేదు. ఆ మనిషి పేరు తెచ్చి సబ్జెక్ట్ లైన్లో రాసేశాను, వెనక మూడు ఆశ్చర్యార్థకాలు. సబ్జెక్ట్ లైన్ అంటే పోస్టు తెరవకపోయినా కనపడేది. ఆ రోజు గ్రూప్‌లోకి వచ్చినవాళ్లకెవరికీ తప్పించుకునే దారి లేదు.

(ఆ పేరు నీకు ఇప్పటికీ చెప్పను. నువ్వింకా చూడలేదు.)

తెల్లారేసరికి నలభైకి పైగా జవాబులు. చాలామంది బాధతోనే రాశారు. ఒక్కడు మాత్రం నా ఇంగ్లీషును వెక్కిరించాడు, ఇండియన్ని అన్న మాటా తెచ్చాడు. చిట్టీ, నేను చేసిన అసలు తప్పు ఆ పేరు రాయడం కాదు, ఇక్కడి నుంచి జరిగింది. ఆ ఒక్కడిని చూపించి, మిగతా అందరికీ సారీ చెప్పకుండా తప్పించుకున్నాను. మూడు రాత్రులు దెబ్బలాడాను. వాడికి ఒకటి, వీళ్లకు ఒకటి, ఎవరేమన్నా జవాబు. ఆకలి తెలిసేది కాదు. నాకు అన్యాయం జరిగిందన్న కోపం ఎంత బలమిచ్చిందో చెప్పలేను.

మూడో రాత్రి ఆ స్నేహితురాలి మెయిల్ వచ్చింది. నాలుగు లైన్లు. తను తిట్టలేదు. ఆ నాలుగు ఎపిసోడ్ల కోసం వేసవంతా ఎదురుచూస్తున్నానని, ఇప్పుడు ఆ మనిషి తెర మీదికొచ్చినప్పుడల్లా ముందే తెలిసిపోతుందని, అది ఇక మళ్లీ తెలియకుండా పోదని రాసింది. నేను ఏం జవాబిచ్చానో తెలుసా? "ఇది వట్టి టీవీ సీరియల్, దీనికింత రాద్ధాంతమా" అని. దానికోసం వానలో పరిగెత్తినదాన్ని నేను. ఆ మాట రాయడానికి నాకు నోరెలా వచ్చిందో ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

ఆవిడ మళ్లీ రాయలేదు. డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకు ల్యాబు ఖాళీ అయ్యాక, రెండు పేజీల క్షమాపణ రాశాను. ఆరు నిమిషాల్లో యంత్రం నుంచి జవాబు వచ్చింది, ఆ పేరుతో ఇక్కడెవరూ లేరని.

అందుకని నీకు చెప్పేదల్లా ఇదే. స్పాయిలర్ రూల్ నీ ఐదింటిలో మొదటిది కావాలి. టైటిల్లో పేరుండకూడదు, థంబ్‌నెయిల్‌లో బొమ్మ కూడా ఉండకూడదు. ఎపిసోడ్ వచ్చిన ఎన్నాళ్లకు స్వేచ్ఛగా మాట్లాడొచ్చో తేదీతో సహా రాసిపెట్టు. అందరికీ ఒకే రోజు దొరకదు. ఒకరికి సబ్‌స్క్రిప్షన్ ఉండదు, ఒకరికి నైట్ డ్యూటీ ఉంటుంది. చిన్నప్పుడు వారపత్రిక రాగానే మీ నాన్న బడ్డీకొట్టు దగ్గరే నిలబడి సీరియల్ చదివేసి, ఇంటికొచ్చి మీ నానమ్మకు చెప్పేసేవాడు. ఆవిడ ఒక వారం పత్రికే ముట్టుకోలేదు. మాకు నవ్వులాటగా ఉండేది. వారమంతా వంటింట్లో ఆవిడ దేనికోసం ఎదురుచూసేదో మాకేం తెలుసు?

తప్పు జరిగితే గంటలోపల సారీ చెప్పు. ఎవరో నిన్ను అన్యాయంగా అన్నా సరే, నీ తప్పుకు సారీ ముందు చెప్పేసి, ఆ తర్వాత వాడి సంగతి చూడు. రెండూ కలపకు.

నువ్వు ఒక వెబ్ సిరీస్ రచయితను కూడా గ్రూప్‌లోకి పిలుస్తున్నావట. మంచిదే. కానీ అతనున్న చోట ఎవరినీ సొంత కథ ఆలోచనలు రాయనివ్వకు. బాబిలన్ 5 గ్రూప్‌లో ఇదే జరిగింది. పాత జ్ఞాపకాలు చెరిపేసిన నేరస్థుడి మీద రచయిత ఒక కథ అనుకుంటుండగా, ఒక అభిమాని తెలియక అలాంటి ఊహే గ్రూప్‌లో రాశాడు. రేపు దావా వస్తే ఎలాగని రచయిత ఆ కథను పక్కన పెట్టేశాడు. ఆ అభిమానే అభ్యంతరం లేదని సంతకం చేసి ఇచ్చాకగానీ ఆ ఎపిసోడ్ తయారవలేదు. 1995 నవంబరులో వచ్చింది, పేరు పాసింగ్ త్రూ గెత్సెమనీ. చాలా మంచి ఎపిసోడ్, ఒక మంచి మనసున్న అభిమాని సంతకం లేకపోతే మనకు లేనట్టే. ఆ తర్వాత ప్రతి పోస్టునూ ముందే చూసి వదిలే మోడరేటెడ్ గ్రూప్ ఒకటి పెట్టుకోవాల్సి వచ్చింది.

నా భయం కూడా చెప్పేస్తాను, అత్త చాదస్తం అనుకోకు. నీ పూర్తి పేరు, కాలేజీ, హాస్టల్ ఎక్కడా కనపడకూడదు. 2017లో డాక్టర్ హూ సీరియల్‌లో డాక్టర్ అనే ముఖ్య పాత్రకు ఇక నటి జోడీ విటేకర్ అని బీబీసీ ప్రకటించినప్పుడు, ఆడది డాక్టర్ ఏమిటని ఎంత రభస చేశారో గుర్తుందా? అప్పటికి నీకు పన్నెండేళ్లు, నా పక్కన కూర్చుని కళ్లు ఇంతింత చేసుకుని చూశావు. ఒక పాత్ర మీదే అంత కోపం తెచ్చుకునేవాళ్లు, గ్రూప్ నడిపే అమ్మాయి మీద తెచ్చుకోరా? కథను ఎంత తిట్టినా ఉండనివ్వు. మనిషిని తిట్టిన పోస్టును ఆ రాత్రికి రాత్రే తీసెయ్. ఒక్కదానివే చూడలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎన్ని గంటలైనా సరే.

ఇంకొకటి, కాపీలు దాచుకో. అరవైల్లో తీసిన డాక్టర్ హూ టేపుల్ని బీబీసీ చెరిపేసి మళ్లీ వాడుకుంది. వందకు దగ్గరగా ఎపిసోడ్ల బొమ్మ పోయింది. వాటి మాటలు మాత్రం ప్రతి ఒక్కటీ మిగిలాయి. ఎందుకంటే ఇళ్లలో కుర్రాళ్లు టీవీ ముందు మైక్ పెట్టి టేప్ చేసుకున్నారు. గ్రూపులూ అంతే. జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో పోయింది, యాహూ గ్రూప్స్ 2020లో పోయింది, లక్షల మంది రాసుకున్నవి ఎన్నో వాటితోనే పోయాయి. నెలకొకసారి గ్రూప్ మొత్తం దింపి రెండు చోట్ల పెట్టు.

ఆ స్నేహితురాలి మెయిల్స్ అన్నీ నేను ప్రింట్ తీసి అట్టపెట్టెలో పెట్టుకున్నాను, లీడ్స్ నుంచి తెచ్చుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన మేడ మీది గది కిటికీ ఊడిపోయింది గుర్తుందా, ఆ పెట్టె దాని కిందే ఉంది. నువ్వే కదూ నాతో కలిసి కాగితాలు నేల మీద పరిచి విసనకర్రతో విసిరావు, కరెంటు లేదని. అవేమిటని అడిగితే ఆఫీసు కాగితాలన్నాను. అక్షరాలు చెరగలేదు గానీ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే చిరిగాయి. మూడు మిగిలాయి, అందులో ఒకటి తాతగారి ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజుది.

నేను సబ్జెక్ట్ లైన్లో రాసిన ఆ పోస్టు మాత్రం ఇప్పటికీ ఉంది. ఎవరో పాత యూజ్‌నెట్‌ను చాలా వరకు భద్రపరిచారు, వెతికితే దొరుకుతుంది, నా పేరుతో సహా.

సంక్రాంతికి వస్తావుగా. బాబిలన్ 5 మొదటి ఎపిసోడ్ నుంచి ఇద్దరం కలిసి చూద్దాం. నేను జంతికలు చేసి పెడతాను, పక్కన కూర్చుంటాను, నోరు మెదపను. రెండో సీజన్‌లో ఆ ఎపిసోడ్ వచ్చినప్పుడు నీ మొహం చూడాలని ఉంది.

గ్రూప్ మొదలవగానే లింక్ పంపు.

మీ అత్త