వాషింగ్టన్ కౌంటీలో 1781కి ముందు భూమి రికార్డులు ఎందుకు దొరకవు? - సమాధానం

మీ వ్యాసం కోసం, 1774లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఇప్పటి వాషింగ్టన్ కౌంటీ (జిల్లా లాంటిది) ప్రాంతంలో స్థిరపడిన కుటుంబానికి భూమి కాగితం వర్జీనియా పేరుతో ఎందుకుందని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, ఆ కాగితం సరైనదే.

ఆ కౌంటీ ఏర్పడిందే 1781లో. అంతకుముందు ఆ నేల మాదంటే మాదని పెన్సిల్వేనియా, వర్జీనియా రెండూ కొట్లాడుకున్నాయి. వెస్ట్‌మోర్‌లాండ్ కౌంటీ పేరుతో పెన్సిల్వేనియా 1773 నుంచి పాలిస్తుంటే, 1776లో వర్జీనియా అదే ప్రాంతంలో యోహొగేనియా, ఒహాయో, మొనాంగేలియా కౌంటీలు పెట్టింది. ఒకే ఊరికి ఇద్దరు కరణాలన్నమాట! వర్జీనియాలో భూమి బాగా చవక కాబట్టి చాలామంది అటే మొగ్గారు.

మొదట్లో వచ్చినవాళ్లలో కొందరు ఊట దగ్గర నాలుగు చెట్లకు చుట్టూ బెరడు చెక్కి, కాండం మీద తమ పేరు పొడి అక్షరాలు గొడ్డలితో చెక్కి, ఇది మాదనేవారు. ఆ అడవుల్లో ఉండి వేటాడుకునే షానీ, డెలావేర్ అనే ఆదివాసీ ప్రజల సమ్మతి లేకుండానే, 1768 ఫోర్ట్ స్టాన్‌విక్స్ ఒప్పందంలో ఇరొక్వాయ్ అనే మరో ఆదివాసీ జాతుల కూటమి ఆ భూమిని బ్రిటిష్ వాళ్లకు రాసిచ్చేసింది. మీ వ్యాసంలో ఈ అన్యాయం తప్పకుండా రాయండి.

1779లో రాజీ కుదిరింది, మరుసటి ఏడాది రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. వర్జీనియా ఇచ్చిన పాత హక్కులను పెన్సిల్వేనియా గుర్తించింది. అందుకే ముందు వర్జీనియా సర్టిఫికెట్, తర్వాత పెన్సిల్వేనియా సర్వే, చివర్లో పట్టా ఉంటాయి. సర్వే, పట్టాల కోసం హారిస్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత పత్రాలు దాచే చోట) వెతకండి.