కట్ లేని 9 నిమిషాలు

కట్ లేకుండా నిమిషాల తరబడి సాగే షాట్లున్న సినిమాల గురించి చెబుతుంటే, “ఒకే షాటును అంతసేపు సాగదీస్తే చూసేవాళ్లకు విసుగు రాదా?” అని ఒకరు అడిగారు. వస్తుంది. మొదటి రెండు మూడు నిమిషాలు తప్పకుండా వస్తుంది. ఆ విసుగు దాటేదాకా కూర్చోనివాళ్లే ఈ సినిమాలను ఎక్కువగా తిడుతున్నారని నా గట్టి నమ్మకం.

రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన ‘నోస్టాల్జియా’ (1983) నేను మొదట ఇంట్లో కంప్యూటర్‌లో చూశాను. చివర్లో, ఇటలీలో నీళ్లు తోడేసిన ఒక వేడినీటి కోనేరు. ఒక రష్యన్ కవి వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడవాలి. ఓపిక లేక ముందుకు జరిపేశాను. చేరాడని తెలిసింది, సినిమా చూసేశాననుకున్నాను.

కొన్నేళ్లకు ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు చిన్న హాల్లో వేస్తే వెళ్లాను. అక్కడ జరపడానికి మీట లేదు. కవి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు. ఆరిపోయింది. వెనక్కి వెళ్లి వెలిగించి మళ్లీ మొదటి నుంచి బయలుదేరాడు. నా ముందు వరుసలో ఒక పెద్దాయన వాచీ చూసుకున్నారు. రెండోసారీ ఆరింది. ఆయనే “అయ్యో!” అన్నారు, పైకే. మూడోసారి హాల్లో దగ్గు కూడా వినపడలేదు. చూసుకుంటే నా అరచెయ్యి కూడా గాలికి అడ్డం పెట్టినట్టు వంగి ఉంది.

దాదాపు 9 నిమిషాలు, మధ్యలో కట్ లేదు. కట్ ఉంటే ఆ భయం పుట్టదు. దీపం ఆరినా దర్శకుడు మనల్ని సరాసరి అవతలి గట్టుకు చేరుస్తాడన్న ధీమా ఉంటుంది. ఇక్కడ కవి వెనక్కి వేసే ప్రతి అడుగుకూ మన కాలం కూడా ఖర్చవుతుంది. తీసేవాళ్లకూ అంతే. 35 మి.మీ. ఫిల్ము 1000 అడుగుల చుట్ట 11 నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిదో నిమిషంలో ఏదైనా తేడా వస్తే చుట్టంతా వృథా. నటుడు ఒలెగ్ యాంకోవ్‌స్కీ నడకలో ఆ జాగ్రత్త కూడా ఉందనే అంటాను.

ఇప్పుడు మన సమీక్షల్లో ‘ల్యాగ్’ అని, అంటే సాగదీత అని, ఒక మాట తిరుగుతోంది. అది వింటేనే ఒళ్లు మండుతుంది. పాత్ర కాసేపు కిటికీలోంచి చూస్తే ల్యాగ్, మంచినీళ్లు తాగితే ల్యాగ్. పైగా ఒకటిన్నర రెట్ల వేగంతో చూసి తీర్పులు చెబుతారు. ఆలాపనను అలా విని రాగం బాగా లేదనగలమా?

ఇంట్లో చూస్తే ఫోను పక్క గదిలో పెట్టండి. కొవ్వొత్తి మొదటిసారి ఆరగానే లేచి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి.