పర్లాకిమిడి బిల్లు, పాతపట్నం బిల్లు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అన్నయ్య టోకు కిరాణా దుకాణానికి పైథాన్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. ఊళ్లోని దుకాణాలకు పంపే సరుకుపై సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడాలి. ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం పంపితే, వేరే రాష్ట్రం కనుక, రెండింటికీ బదులు ఐజీఎస్టీ పడాలి. ఒకచోట సరిచేస్తే మరోచోట చెడిపోతోంది. యూనిట్ టెస్టులు రాయమని స్నేహితురాలు చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలి? అంత తీరిక కూడా లేదు.
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: మార్పు చేసిన ప్రతిసారీ మీరు ఒక బిల్లు కొట్టి, మొత్తం సరిగ్గా వచ్చిందో లేదో కంటితో చూసుకుంటూనే ఉంటారు. ఆ చూపునే ప్రోగ్రామ్‌గా రాస్తే అది యూనిట్ టెస్ట్ అవుతుంది. అంటే ఒక ఫంక్షన్‌కు (ప్రోగ్రామ్‌లో ఒక పని చేసిపెట్టే చిన్న భాగానికి) తెలిసిన విలువలు ఇచ్చి, అది చెప్పిన జవాబును మీరు ముందే చేత్తో కట్టిన లెక్కతో పోల్చే చిన్న ఫంక్షన్ అన్నమాట. కంటితో చూసింది ఆ పూటకే పనికొస్తుంది. రాసిపెట్టిన టెస్ట్ ఏడాది తరువాత చేసే మార్పునూ కాపలా కాస్తుంది.

ముందుగా పన్ను లెక్కను స్క్రీన్ నుంచి, డేటాబేస్ నుంచి విడదీయండి. సరుకు విలువ, పన్ను శాతం, అమ్మేవారి రాష్ట్ర కోడ్, సరుకు చేరే రాష్ట్ర కోడ్ తీసుకొని, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ మొత్తాలను అదే వరుసలో తిరిగి ఇచ్చే ఫంక్షన్ ఒకటి చాలు. ఒడిశా కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. 1,000 రూపాయల సరుకుపై 5 శాతం పన్ను అనుకుంటే, 21 నుంచి 21కి 25, 25, 0 రావాలనేది మొదటి టెస్ట్. 21 నుంచి 37కి 0, 0, 50 రావాలనేది రెండవది.

ఈ రెండూ నెగ్గినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. ‘37 అయితేనే ఐజీఎస్టీ’ అని ఎవరైనా షరతు రాసినా ఈ రెండు టెస్టులూ నెగ్గుతాయి, కానీ ఛత్తీస్‌గఢ్‌కు, అంటే 22కు, పంపిన మొదటి బిల్లే తప్పుతుంది. అందుకే మూడవ టెస్ట్ 22తో రాయండి. తప్పు ఎక్కడ దాక్కోగలదో ఊహించి విలువలు ఎంచుకోవడమే ఈ పనిలో అసలైన నేర్పు.

333 రూపాయలతో మరొకటి రాయండి. 5 శాతం ఐజీఎస్టీ 16.65 రూపాయలు. అదే ఊళ్లో అమ్మితే రెండున్నర శాతం చొప్పున చెరొక 8.325 వస్తుంది, రెండింటినీ పైసాకు పైకి సవరిస్తే మొత్తం 16.66 అవుతుంది. ఆ పైసాను ఎలా చూడాలో ఆడిటర్‌ను అడిగి తెలుసుకొని, ఆ నిర్ణయాన్ని టెస్టులో నిలపండి. డబ్బు లెక్కకు పైథాన్‌లోని ఫ్లోట్ (దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రకం) వాడవద్దు, అందులో 0.1, 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. దశాంశాలను కచ్చితంగా దాచే డెసిమల్ రకం వాడండి, లేదా అంతా పైసల్లో పూర్ణసంఖ్యలుగా ఉంచండి.

తేదీ విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను రాసిన ఒక ప్రోగ్రామ్ ఏప్రిల్ 1న బిల్లు నంబరును మళ్లీ 1 నుంచి మొదలుపెట్టాల్సి ఉండగా పాత వరుసనే కొనసాగించింది, ఆ ఉదయం ఇచ్చిన బిల్లులన్నీ రద్దుచేయాల్సి వచ్చింది. నేటి తేదీని ఫంక్షన్ లోపలే తీసుకోవడం వల్ల ముందుగా పరీక్షించే దారి లేకపోయింది. తేదీని బయటి నుంచి అందిస్తే మార్చి 31, ఏప్రిల్ 1 రెండింటినీ ఏ రోజైనా పరీక్షించవచ్చు.

తీరిక సంగతి: ఉన్న కోడ్ అంతటికీ ఒకేసారి టెస్టులు రాయనక్కర్లేదు. ఈసారి తప్పు దొరికినప్పుడు, సరిచేసే ముందే ఆ తప్పును పట్టుకునే టెస్ట్ రాసి, అది ఓడిపోవడం కళ్లారా చూసి, ఆ తరువాత కోడ్ దిద్దండి. ఎన్నడూ ఓడని టెస్ట్ అసలు ఏదైనా పరీక్షిస్తోందో లేదో మనకు తెలియదు. పైథాన్‌తో పాటే యూనిట్‌టెస్ట్ అనే మాడ్యూల్ వస్తుంది కనుక ఏమీ కొత్తగా దించుకోనవసరం లేదు. రాత ఇంకా తేలిగ్గా ఉండాలంటే పైటెస్ట్ అనే మరో టెస్టింగ్ సాధనాన్ని విడిగా వేసుకోండి. అన్నయ్య చేతికి కొత్త ప్రోగ్రామ్ ఇచ్చే ప్రతిసారీ ముందుగా టెస్టులన్నీ నడపండి. ఇలాంటివి వంద ఉన్నా మామూలుగా కొన్ని సెకన్లలో ముగుస్తాయి.