మామయ్య వాయించిన పాత ఎలక్ట్రిక్ గిటారు ఏ కాలందో తెలుసుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: కావలిలో మీ మామయ్య వాయించిన ఎలక్ట్రిక్ గిటారు ఇప్పుడు మీ ఇంటికొచ్చింది. తల మీద పేరు చెరిగిపోయింది. మెడ వెనక నాలుగు స్క్రూల ప్లేటు, దాని మీద ఒక నంబరు ఉన్నాయి. ఆ నంబరు నెట్‌లో కొడితే ఒక్కోచోట ఒక్కో సంవత్సరం చూపిస్తోంది. మామయ్య దాన్ని మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నాడని మీ అమ్మగారు అంటున్నారు. అసలు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు?

ముందు ఆ నంబరు పక్కన పెట్టండి. చేసినవాళ్లెవరో తెలియకుండా నంబరు చదవలేం, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఇప్పటికి మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం మీ అమ్మగారి మాటే. సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్ 1985 మే నెలలో కాలిపోయింది. మన వైపు నుంచి రైలెక్కి మద్రాసులో దిగినవాళ్లకి అది నాలుగడుగుల దూరం. పాత పుస్తకాల నుంచి గ్రామఫోన్ల దాకా సెకండ్ హ్యాండ్ సరుకు అక్కడ దొరికేది. అమ్మగారి మాట నిజమైతే మీ గిటారు 1985కి ముందుదే. కాకపోతే ఒక మెలిక ఉంది. కాలిపోయాక పక్కనే లిల్లీపాండ్ కాంప్లెక్స్‌లోకి మారిన షాపులను కూడా జనం మూర్ మార్కెట్ అనే పిలిచారు. కాబట్టి ‘ఏ సంవత్సరం కొన్నాడు’ అని అడగకండి. ఆ పాత ఎర్ర బిల్డింగులో కొన్నాడా, తగలబడ్డాక కొత్తచోట కొన్నాడా అని అడగండి. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది గుర్తుంటుంది.

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం మా ఇంట్లో గిటారే. ఒంగోల్లో మా పెదనాన్న వాయించిన సిల్వర్‌టోన్ అది. నల్లటి ఒళ్లు, ఒకటే పికప్ (తీగల మోతను పట్టే అయస్కాంతం), మెడ మీద పద్దెనిమిది ఫ్రెట్లు (అడ్డ కమ్మీలు). దాని పెట్టెలోనే స్పీకరు, వాల్వులు బిగించి ఉంటాయి, అంటే పెట్టే ఆంప్లిఫయరన్నమాట. ఏబీఎం కాంపౌండ్‌లో ఉండే అమెరికా దొరగారు 1958లో పెదనాన్న పెళ్లికి బహుమతిగా ఇచ్చారని మా ఇంట్లో అందరూ చెప్పేవాళ్లు. ఒంగోలు, నెల్లూరుల్లో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది కాబట్టి ఆ కథ మీద ఎవరికీ అనుమానం రాలేదు.

అనుమానం వచ్చింది గిటారు తయారీ గురించి చదివాకే. సిల్వర్‌టోన్ అన్నది గిటారు చేసిన కంపెనీ పేరు కాదు. అమెరికాలో కేటలాగు చూసి పోస్టులో తెప్పించుకునే సియర్స్ దుకాణం సొంత పేరు అది. డానెలెక్ట్రో, హార్మొనీ, కే లాంటి వాళ్ల చేత గిటార్లు చేయించి, వాటి మీద ఈ పేరు వేసి అమ్మేవాళ్లు. మాది డానెలెక్ట్రో అని చూడగానే తెలిసిపోతుంది. పికప్ నిజంగానే లిప్‌స్టిక్ గొట్టంలో అమర్చి ఉంటుంది. పైనా కిందా చెక్క కాదు, మేసొనైట్ అనే హార్డ్‌బోర్డు. తీగలు ఆనే నట్ అల్యూమినియంది. న్యూజెర్సీలో నాథన్ డేనియల్ అనే ఆయన తక్కువ ఖర్చులో మంచి మోత రావాలని ఇలా తయారుచేశాడు. సియర్స్ పాత కేటలాగులు స్కాన్ చేసినవి నెట్‌లో దొరుకుతాయి. మా మోడల్ 1448, ధర 70 డాలర్ల లోపు. ఈ పెట్టె-ఆంప్లిఫయరు మోడల్ వచ్చిందే 1960ల మొదట్లో. ఇక 1958 పెళ్లి బహుమతి ఎలా అవుతుంది?

పేరు విషయంలో మీరూ ఇదే గుర్తుపెట్టుకోండి. తల మీద ఉన్న పేరు చాలాసార్లు అమ్మినవాళ్లది, చేసినవాళ్లది కాదు. జపాన్‌లో మత్సుమోతో ఊళ్లోని మత్సుమోకు ఫ్యాక్టరీ ఒక్కటే ఎన్ని పేర్లతో గిటార్లు చేసిందో లెక్కలేదు. ఇంకోటి, పేరున్న అమెరికా కంపెనీ ‘గిబ్సన్’ గిటారని ఎవరైనా అంటే ఆ అక్షరాలు మళ్లీ చూడండి. మన దగ్గర ఎక్కువగా తిరిగినవి కోల్‌కతాలో చేసిన గివ్‌సన్ గిటార్లు. అవీ మనవాళ్ల చరిత్రే, చిన్నచూపు అక్కర్లేదు, కానీ గిబ్సన్ నంబర్ల పట్టికలో వాటిని వెతికితే దొరకవు.

తర్వాతి పని మెడ విప్పడం. మీ గిటారుకు స్క్రూలున్నాయి కాబట్టి మెడ ఊడుతుంది. జిగురుతో అతికించిన మెడ అయితే దాని జోలికి పోవద్దు. తీగలు పూర్తిగా వదులు చేసి, సరిపోయే స్క్రూడ్రైవరుతో మెల్లగా తీయండి. ఒంట్లో దిగే మెడ చివర, అది కూర్చునే గుంటలో పెన్సిలు రాతో, సిరా ముద్రో ఉంటుంది. ఫెండర్ అనే అమెరికా కంపెనీ గిటార్లలో తేదీ చాలావరకు అక్కడే దొరుకుతుంది. అక్షరాలు మసకగా ఉంటే రుద్దకండి. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే చదవొచ్చు.

మా దాంట్లో 4134 అని ముద్ర ఉంది. డానెలెక్ట్రో లెక్కలో మొదటి రెండు అంకెలు వారం, చివరి అంకె సంవత్సరం. అంటే నలభై ఒకటో వారం, నాలుగుతో ముగిసే ఏడాది. అది 1954 కావచ్చు, 1964 కావచ్చు, నంబరు దశాబ్దం చెప్పదు. ఆ పని మోడల్ చేసింది. 1954లో ఈ మోడలే లేదు కాబట్టి ఇది 1964 అక్టోబరుది, క్రిస్మస్ అమ్మకాల కోసం చేసిన సరుకన్నమాట.

లోపల వాల్యూమ్ పాట్ (మోత పెంచే, తగ్గించే బటను కింద ఉండే భాగం) వెనకున్న అంకెలు దీన్ని బలపరిచాయి: 1376428. ఇలాంటి ఏడంకెల కోడ్ అమెరికా పాట్ల మీద ఉంటుంది. మొదటి మూడు తయారీదారు (137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్), తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. 1964 జులైలో చేసిన పాట్ అక్టోబరు గిటారులో ఉండటం సబబే. అయితే పాట్ తేదీ ఒక్కటే చెబుతుంది: గిటారు అంతకంటే పాతది కాదు అని. ఎంత కొత్తదో అది చెప్పదు. ఫెండర్ వాళ్లు 1966లో పాట్లు కుప్పలుగా కొని ఆ దశాబ్దం చివరి దాకా వాడారు. టంకం ఎవరూ కదపని పాత టంకమేనా అనేది కూడా చూడాలి. మా టోన్ పాట్ మీద కోడ్ లేదు. అది రేడియోలో వేసే మామూలు వాల్యూమ్ కంట్రోలు. టంకం ముద్దలుగా ఉంది, దాని బటను తెల్లటి రేడియో బటను. ఎవరో రేడియో మెకానిక్కు పని. ఒరిజినల్ పోయిందని కలెక్టర్లు బాధపడతారేమో, నాకు మాత్రం ఆ బటన్ మీదే మక్కువ. అది ఒంగోల్లో పడ్డ బటన్ కదా. ఎప్పుడు పడిందో కూడా ఇంచుమించుగా తెలిసింది. యూత్ మీటింగులో తీసిన ఒక గ్రూప్ ఫొటో వెనక ‘క్రిస్మస్ 1971’ అని రాసుంది. అందులో పెదనాన్న ఒళ్లో గిటారుకు రెండు బటన్లూ ఒకేలా నల్లగా ఉన్నాయి, అంటే ఈ తెల్ల బటను ఆ తర్వాతే పడింది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పింది పెట్టె. మూత లోపల అంచున గోధుమరంగు కాగితం అతికించి ఉంది, టైపు కొట్టిన అడ్రసు: దొరగారి పేరు, ఏబీఎం కాంపౌండ్, ఒంగోలు, గుంటూరు డిస్ట్రిక్ట్, సౌత్ ఇండియా. గుంటూరు జిల్లా! ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలోదే. అడ్రసులో పిన్‌కోడ్ కూడా లేదు, పిన్‌కోడ్లు వచ్చింది 1972 ఆగస్టు 15న. కాబట్టి 1964 అక్టోబరుకూ 1970 మొదటికీ మధ్య ఈ పెట్టె ఒంగోలు చేరింది. మీ కావలి అప్పుడూ ఇప్పుడూ నెల్లూరు జిల్లానే కాబట్టి జిల్లా పేరుతో మీకు లాభం లేదు. కానీ పెట్టెలోనో రసీదులోనో 524201 ఉందో లేదో చూడండి. కందుకూరు వాళ్లకైతే జిల్లా పేరే కేలండరు: 1970 దాకా నెల్లూరు, ఆ తర్వాత ఒంగోలు, 1972 నుంచి ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు.

ఈ కాగితాలు పట్టుకుని చర్చిలో పాత క్వయర్ పెద్దాయన్ని కలిశాను. సంవత్సరం అడక్కుండా గిటారు పెట్టె మాత్రం ముందు పెట్టాను. “నెహ్రూ పోయిన ఏడు దొరసానమ్మ సెలవు మీద వాళ్ల దేశం పోయింది. మళ్లా వచ్చినప్పుడు సామాన్లలో ఇది దిగింది. గుళ్లో వాయించనిచ్చేవాళ్లు కాదు, హార్మోనియం తబలా వరకే. ఇది యూత్ మీటింగులకి” అన్నాడు. నెహ్రూ పోయింది 1964 మే నెలలో. అక్టోబరులో తయారైన గిటారు ఆమె తిరుగు ప్రయాణంలో రావడం అతికినట్టు సరిపోయింది. దొరగారి కుటుంబం మొత్తంగా వెళ్లిపోయేటప్పుడు, వాయించడం వచ్చినవాడని పెదనాన్నకి ఇచ్చేశారట.

మరి పెళ్లి బహుమతి కథ ఎక్కడిది? పెద్దమ్మనడిగితే, “పెళ్లికి దొరగారిచ్చింది బైబిలురా, ఇది కాదు” అని బీరువాలోంచి తీసి చూపించింది. మొదటి పేజీలో దొరగారి చేతిరాత, 1958. రెండు కానుకలూ ఇంట్లో మాటల్లో ఒకటైపోయాయి. ఇంట్లో చెప్పుకునే కథల్ని అబద్ధమని కొట్టేయకండి, అందులో ఏదో ఒక ముక్క నిజం ఉంటుంది. ఆ ముక్క ఏ వస్తువుదో పట్టుకోవాలి.

మీ గిటారుకు పనికొచ్చే మరికొన్ని లెక్కలు. ఐబనేజ్ కంపెనీది అయితే 1975 నుంచి కొన్నేళ్లపాటు మొదటి అక్షరం నెల (ఏ అంటే జనవరి), తర్వాతి రెండంకెలు సంవత్సరం. గిబ్సన్ అయితే 1977 నుంచి ఎనిమిదంకెలు: ఒకటోది, ఐదోది కలిపితే సంవత్సరం, మధ్యలో మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో. 70108276 అంటే 1978లో పదో రోజు. అంతకుముందు 1960లు, 70ల గిబ్సన్లలో ఒకే నంబరు వేర్వేరు సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వాడారు, వాటిని నంబరుతో తేల్చలేం. ఫెండర్ 1976 నుంచి నంబరును ప్లేటు మీంచి తల మీదికి మార్చింది. అక్కడ మొదట్లో ఎస్ ఉంటే డెబ్భైలు, ఇ ఉంటే ఎనభైలు. మీ ప్లేటు మీద ‘స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్’ అనే ఇంగ్లీషు ముక్క గానీ ఉంటే 1970ల జపాన్ గిటారు అయ్యే అవకాశం ఎక్కువ. మీ వర్ణన చూస్తే నా అనుమానమూ అటే.

రంగు మళ్లీ వేశారేమో తెలుసుకోవాలంటే దొంగనోట్లు చూసే నీలం లైటు చాలు, ఏ బట్టల షాపులోనైనా ఉంటుంది. చీకట్లో దాని కింద పాత నైట్రో లక్కర్ (అప్పటి గిటార్ల మీద పూసే మెరుగు) పసుపుపచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసినచోట వేరేగా కనిపిస్తుంది. ఇవన్నీ అయ్యేదాకా గిటారుకు పాలిష్ పెట్టకండి, తుప్పు గీకకండి. పెట్టెలోని చెత్త అనుకునే తీగల కవర్లు, బస్సు టికెట్లు పారేయకండి.

ధర గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు లక్షలంటారు. దుకాణం పేరుతో అమ్మిన ఈ రకం గిటార్లకు ఆ ధరలు రావు. మెడ విప్పక ముందే కొంటానని వచ్చేవాళ్లతో తొందరపడొద్దు.

దాంతోపాటు అమెరికా ఆంప్లిఫయరు కూడా వచ్చుంటే ప్లగ్గులో పెట్టొద్దు. అది 110-120 వోల్టులది, మన కరెంటు 230. పెదనాన్న దానికోసం ఇనప డబ్బాలాంటి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాడు. అది ఉన్నా సరే, దశాబ్దాలు మూలపడ్డ వాల్వు సెట్టులో కెపాసిటర్లు పాడైపోయి ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా షాకు కొట్టొచ్చు. వాల్వు రేడియోలు బాగుచేసిన పాతకాలం మెకానిక్కు దొరికితే ఆయన చేతికే ఇవ్వండి.

ఇప్పటికి మెడ చివర, గుంట, ప్లేటు, పాట్ల వెనక, పికప్ అడుగు ఫొటోలు పెట్టండి. మామయ్యతో పెళ్లిళ్లకి వాయించిన ఆర్కెస్ట్రా వాళ్లు కావలిలో ఎవరైనా ఉంటే, వాళ్ల ఇళ్లలో గ్రూప్ ఫొటోలున్నాయేమో ముందుగా కనుక్కోండి. ఆ ఫొటోల్లో గిటారు తల మీద పేరు ఇంకా చెరగకుండా ఉండొచ్చు.