పీహెచ్ ఎప్పుడు సరిచేయాలో కూడా రాయి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) నుంచి మెథడ్ డెవలప్‌మెంట్‌కు, అంటే మందుల్ని పరీక్షించే పద్ధతులు తయారుచేసే పనికి, మారుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. క్యూసీలో సాయంత్రానికి ఎన్ని శాంపిల్స్ అయ్యాయో లెక్క చెప్పేదానివి. ఇక్కడ రెండు వారాలు గడిచినా చూపించడానికి ఒక్క మంచి క్రొమాటోగ్రామ్ (విడిపోయిన పదార్థాలను పీక్‌లుగా చూపే గ్రాఫ్) ఉండకపోవచ్చు. దానికి టెన్షన్ పడకు.

కొత్త మాలిక్యూల్ రాగానే, పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ దగ్గరికి పరిగెత్తకు. ముందు దాని స్ట్రక్చర్ కాగితం మీద గీసుకో. ఆమ్లమా, క్షారమా, పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర సగం అయాన్‌గా మారుతుందో ఆ అంకె) ఎంత, దేంట్లో కరుగుతుంది, యూవీలో ఎక్కడ కనిపిస్తుంది? అరపూట పని. ఆ అరపూట మిగుల్చుకుని, చేతికందిన సీ18 కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) ఎక్కించి, అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ శాతం అటూ ఇటూ మారుస్తూ నెల పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ. నేనూ పోగొట్టుకున్నాను.

నా మొదటి పెద్ద మెథడ్ సంగతి చెప్తాను. బలహీన ఆమ్లం, పీకేఏ 4.6. బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ 4.5 దగ్గర ఇంప్యూరిటీ, అంటే మందులోని మలినం, చక్కగా విడిపోయింది, రిజల్యూషన్ (రెండు పీక్‌ల మధ్య ఎడం) 2 దాటింది. మెథడ్ నమ్మదగిందని రుజువు చేసే వాలిడేషన్ కూడా గట్టెక్కింది. ఇంకో ల్యాబ్‌కు ట్రాన్స్‌ఫర్ చేస్తే అదే ఇంప్యూరిటీ మెయిన్ పీక్‌లో కలిసిపోయింది. వారం రోజులు కాలమ్‌ని తిట్టాం, పంపును తిట్టాం. చివరికి నేనే వెళ్ళి అక్కడి కుర్రాడి పక్కన నిలబడ్డాను. అతను బఫర్‌లో అసిటోనైట్రైల్ కలిపేశాక పీహెచ్ మీటర్ ముంచాడు! నేనెప్పుడూ కలపకముందే సరిచేసేవాణ్ణి. ఆర్గానిక్ సాల్వెంట్ కలిశాక మీటర్ చూపించే అంకె వేరు. మెథడ్‌లో నేను రాసింది 'పీహెచ్ 4.5కు సరిచేయాలి' అని మాత్రమే. కుర్రాడి తప్పేముంది?

అసలు పొరపాటు ఇంకా ముందే జరిగింది. పీకేఏకు అంత దగ్గర్లో మందు సగం అయాన్‌గా, సగం ఛార్జ్ లేకుండా ఉంటుంది. పీహెచ్ 0.1 కదిలినా పీక్ జరుగుతుంది. బఫర్ పీహెచ్‌ని పీకేఏకు కనీసం ఒక యూనిట్ దూరంగా పెట్టుకో, వీలైతే రెండు. మామూలు సిలికా కాలమ్ అయితే పీహెచ్ 2 కంటే దిగకుండా, 8 దాటకుండా చూసుకో.

ఫోర్స్‌డ్ డిగ్రడేషన్‌లో, అంటే మందును కావాలని చెడగొట్టి చూసే పరీక్షలో, దాన్ని బూడిద చేయకు. 5 నుంచి 20 శాతం చెడితే చాలు. పీక్ ప్యూరిటీ (ఒక పీక్‌లో ఒకే పదార్థం ఉందా అని యూవీతో చూసే పరీక్ష) పాసైందని మురిసిపోకు కూడా. మందుకు, దాని ఇంప్యూరిటీకి యూవీ స్పెక్ట్రమ్ ఒకేలా ఉంటే డిటెక్టర్‌కు తేడా తెలియదు. అనుమానం ఉంటే మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చూడు.

సింథసిస్ వాళ్ళతో స్నేహంగా ఉండు. ఏ సాల్వెంట్, ఏ రియేజెంట్ వాడారో, రూటులో ఏం మారిందో వాళ్ళకే తెలుసు. 2018లో బీపీ మందు వల్సార్టాన్‌లో, క్యాన్సర్ తెప్పించగలదని భావించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడింది గుర్తుందిగా? డీఎంఎఫ్ అనే సాల్వెంట్ నుంచి వచ్చిన డైమిథైల్ అమీన్, సోడియం నైట్రైట్ కలిసి పుట్టించిన పదార్థం అది. రొటీన్ మెథడ్‌లు దాని కోసం వెతకనేలేదు, కాబట్టి కనపడలేదు.

మందుల నియమాలకు అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే ఐసీహెచ్ నుంచి క్యూ2 (మెథడ్ వాలిడేషన్ గురించి) కొత్త రూపం, క్యూ14 (మెథడ్ డెవలప్‌మెంట్ గురించి) రెండూ 2023లో వచ్చాయి. ముందు క్యూ14 చదువు. ఫెయిలైన ట్రయల్స్ కూడా నోట్‌బుక్‌లో అదే రోజు రాసిపెట్టు. ఆర్నెల్ల తర్వాత 'మెథనాల్ ఎందుకు వాడలేదు' అని ఎవరో ఒకరు అడుగుతారు.

స్ట్రక్చర్ ఎలాగూ నాకు చెప్పకూడదు, చెప్పకు. పీక్ ఆకారం ఎలా ఉందో మాత్రం చెప్పు, ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ మామయ్య