అవార్డు 'దొరికింది' అంటే నవ్వాలా?

సందేహం: మాది పర్లాకిమిడి. పిల్లల చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగు, టీవీ కూడా తెలుగే. మొన్న ఆదివారం సినిమా అవార్డుల ఫంక్షన్ వేస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. నాలుగు గంటలు సాగదీశారు. అవార్డులకంటే డాన్సులే ఎక్కువ. వచ్చినవాళ్లకే ఇచ్చినట్టుంది, రానివాళ్ల పేర్లు గబగబా చదివి వదిలేశారు. నాకు నచ్చిన హీరోయిన్ పేరు పిలవకపోయేసరికి "ఈసారీ దానికి దొరకలేదు, పాపం" అన్నాను. విశాఖపట్నం నుంచి వచ్చిన మా మరిది పగలబడి నవ్వాడు. "దొరకడమేంటి వదినా, రోడ్డు మీద పడిపోయిందా? రాలేదు అనాలి" అన్నాడు. మా ఊళ్లో మేం ఇలాగే అంటాం. ఒడియా కలిసి మా తెలుగు చెడిందా? యాంకరమ్మ 'వరించింది' అంటోంది, పేపర్లో 'గెలిచింది' అని వేస్తున్నారు. వీటిలో ఏది సరైనది? తెర మీద 'అవార్డుల ప్రధానోత్సవం' అని పడింది, అది ఒప్పేనా? సహాయ నటుడు అనాలా, సహాయక నటుడు అనాలా?

సమాధానం: అమ్మా, మీ తెలుగు చెడలేదు. మీ మరిదికి నవ్వు ఎందుకొచ్చిందో చెప్పగలను గానీ, ఆ నవ్వు న్యాయమైనదని మాత్రం చెప్పలేను.

'దొరుకు' అనగానే ఆయనకు పోయిన తాళంచెవి దొరకడమో, దొంగ దొరకడమో గుర్తొచ్చి ఉంటుంది. 'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' అనే సామెత ఉండనే ఉంది. అయితే ఆ మాటకు ప్రాప్తించడం అనే అర్థం కూడా పాతదే. ఉద్యోగం దొరికింది, మంచి సంబంధం దొరికింది, దర్శనం దొరికింది, సెలవు దొరకలేదు అని విశాఖలోనూ అంటారు. తనకు ఉద్యోగం దొరికినప్పుడు అది ఏ రోడ్డు మీద పడి ఉందో మీ మరిదిని అడగండి. బిలహరి రాగంలో త్యాగరాజస్వామి 'దొరకునా ఇటువంటి సేవ' అన్నారు. ఎంత పుణ్యం చేసుకుంటేనో గానీ అందని భాగ్యానికి ఆయన వాడిన మాట అది. 'శంకరాభరణం' సినిమాలోనూ ఒక పాట సరిగ్గా ఆ మాటలతోనే మొదలవుతుంది. రాముడి సేవకు సరిపోయిన క్రియ సినిమా అవార్డుకు సరిపోదంటే ఎలా?

ఇంకో సంగతి చూడండి. 'ఫలానా నటికి అవార్డు లభించింది' అని పేపర్లో వస్తే మీ మరిది నవ్వకుండా చదువుకుంటాడు. 'లభించు'కూ 'దొరుకు'కూ అర్థంలో తేడా వెంట్రుకవాసి. ఒకటి సంస్కృతం నుంచి వచ్చింది, రెండోది మన సొంత మాట. సొంత మాటకు నవ్వి, తెచ్చుకున్న మాటకు తలూపే అలవాటు మనకు చాలాకాలంగా ఉంది.

మరి ఒడియా ప్రభావం లేదా అంటే, కొంత ఉండవచ్చు. ఒడియాలో 'పురస్కార మిళిలా' అంటారు, హిందీలో 'మిలా' అంటారు. రోజూ రెండు భాషలు మాట్లాడేవారి నోటికి 'మిళిలా'కు దగ్గరగా తగిలే తెలుగు మాట 'దొరికింది'. అందుకని మీ వైపు దాని వాడకం పెరిగి ఉంటుంది, అంతే. మాటను ఒడియా ఇవ్వలేదు, మన దగ్గర ఉన్నదాన్నే ఎక్కువగా వాడించింది. ఇలాంటిది సరిహద్దు ఊళ్లన్నిటా జరుగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు అటు వెళ్లింది. నదికి ఇవతల పాతపట్నం ఇటు ఉండిపోయింది. గీత గీసిన రోజున జనం నోట్లో మాట మారిపోదు కదా. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. ఆ ఊరివాళ్లు తమ తెలుగు తప్పేమోనని బెంగపడటం నాకు కాస్త కష్టంగా అనిపించింది.

ఇక మిగతా క్రియల సంగతి. అన్నీ ఒప్పే, కానీ అన్నీ ఒకటి కాదు. 'వచ్చింది' అంటే ఎక్కడా ఏ పేచీ లేదు. 'గెలిచింది' అనాలంటే పోటీ ఉండాలి. 2023 మార్చిలో ఆస్కార్ కోసం ఐదు పాటలు బరిలో నిలిస్తే 'నాటు నాటు'కు వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ గెలుచుకున్నారంటే చక్కగా ఉంటుంది. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అలాంటిది కాదు, దానికి నామినేషన్లు, పోటీదారులు ఉండరు, పెద్దలు కూర్చుని ఒకరిని ఎంపిక చేసి ఇస్తారు. 2016 సంవత్సరానికి కె. విశ్వనాథ్‌గారు ఫాల్కే 'గెలిచారు' అని రాస్తే, ఆయన ఎవరినో ఓడించి తెచ్చుకున్నట్టు ఉంటుంది. అక్కడ 'ఇచ్చారు', 'ప్రకటించారు', 'అందుకున్నారు' అన్నవి నప్పుతాయి.

అలాంటి గౌరవాలకు 'వరించింది' కూడా బాగుంటుంది. విజయలక్ష్మి వరించింది, అదృష్టం వరించింది అన్న పాత అలవాటులోంచి వచ్చిన మాట. స్వయంవరంలో దండ పట్టుకున్నది కన్య, ఎవరి మెడలో వేయాలో ఆమె ఇష్టం. అవార్డును ఆ కన్య స్థానంలో పెడుతున్నాం. ఎప్పుడో ఒకసారి అంటే ఆ మాటకు అందం. యాంకరమ్మ ఒక్క సాయంత్రంలో ముప్పై అవార్డుల చేత ముప్పైమందిని వరింపజేస్తే అది స్వయంవరంలా ఉండదు, సామూహిక వివాహాల్లా ఉంటుంది.

నాకు ఇష్టమైనది 'దక్కింది'. ప్రాణం దక్కింది, వేలంలో షాపు దక్కించుకున్నాడు అంటాం. చేజారిపోయే వీలుండి కూడా నిలిచినదానికి ఆ మాట. మీ హీరోయిన్ విషయంలో 'దొరకలేదు' తప్పు కాదు గానీ, 'దక్కలేదు' అని ఉంటే మీరు అన్న 'పాపం' కూడా అందులోనే ఇమిడేది. రావలసినది రాలేదన్న బాధ ఆ క్రియలో ముందే ఉంది.

'ప్రధానోత్సవం' మాత్రం పచ్చి తప్పు. ఇవ్వడం ప్రదానం, ఒత్తు లేని ద. అవార్డుల ప్రదానోత్సవం అని ఉండాలి. ఒత్తు పెడితే 'ముఖ్యమైన' అనే అర్థం వస్తుంది, ప్రధాన మంత్రి, ప్రధాన రహదారి లాగా. పైగా తెలుగులో ప్రధానం అంటే పెళ్లి నిశ్చయం కూడా. తెలుగు బైబిల్లో మరియను యోసేపుకు ప్రధానం చేశారనే ఉంటుంది. కాబట్టి తెర మీద పడినదాన్ని ఉన్నదున్నట్టు చదివితే హీరోలకు, హీరోయిన్లకు నిశ్చితార్థం జరుగుతోందని అనుకోవాలి! లక్షలు పోసి సెట్టు వేసినవాళ్లు ఆ ఒక్క అక్షరం చూసేవాణ్ణి పెట్టుకోలేకపోయారు. ఒకటి రెండుసార్లు కాదు, ఆహ్వాన పత్రికల్లోనూ ఫ్లెక్సీల్లోనూ ఈ ఒత్తు కనిపిస్తూనే ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, అదే కార్యక్రమంలో 'అవార్డు అందుకున్నందుకు శుభాకాంక్షలు' అనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. ఆకాంక్ష జరగబోయేదానికి. పుట్టినరోజుకు, కొత్త సినిమా మొదలుపెట్టినప్పుడు శుభాకాంక్షలు చెబుతాం. సాధించి వచ్చినవారికి చెప్పేవి అభినందనలు. కంగ్రాట్స్ అన్నా నాకు అభ్యంతరం లేదు, కనీసం అర్థం సరిగ్గా ఉంటుంది.

సహాయ నటుడు, సహాయక నటుడు రెండూ ఒప్పే. సంస్కృతంలో 'సహాయ' అంటేనే తోడుండేవాడు అని అర్థం, అందుకే సహాయ దర్శకుడు అన్నా ఎవరికీ వింతగా లేదు. వాడుకలో పాతుకుపోయినది సహాయ నటుడు. నేను అదే రాస్తాను.